గన్‌ఫౌండ్రీ దేవాలయము: మన వసతిగృహము



తార్నాకలో మనము నిర్మింపదలచిన విద్యార్థి వసతిగృహమును గూర్చి రెండు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. అందులకు ముందు మేము చూచివచ్చిన యొక కట్టడమును గూర్చి చెప్పెదము. సంస్కృతపు పంతులుగారికి గ్రైస్తవ దేవాలయముతో బనియేమని కొందఱు నవ్వవచ్చును. నవ్వనిండు.

మొన్నటి యాదివారము తార్నాకలో సిటీ బస్సెక్కి కోఠీలో దిగి, అబిడ్సు చేరువనున్న సెయింటు జోసెఫ్ కథీడ్రలునకు నడచిపోయితిమి. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు ఫిరంగులు పోతపోయించిన తావగుటచే నా ప్రదేశమునకు గన్‌ఫౌండ్రీ యను పేరు నిలిచినది. కథీడ్రలనగా బిషప్పుగారి పీఠముండు దేవాలయము. గ్రీకున ‘కథేద్రా’ యనగా ఆసనము; అందలి ధాతువు మన సదస్సులో, ఉపనిషత్తులో నున్న ‘సద్’ ధాతువునకు సగోత్రము. ఈ ముక్క వృత్తిదోషముచే జెప్పితిమి, మన్నింపుడు.

ఇటలీ మిషనరీలు 1870లో దీనికి బునాది వేసిరి. 1875 క్రిస్మసునకు ఆరాధన మొదలైనది. ముఖభాగమును, జంట గోపురములును 1891లో గాని పూర్తికాలేదు; మఱుసటి యేట గంటలు వచ్చినవి. అయినను మమ్ము నిలువరించినది వేఱొకటి. చేరువనున్న ఆల్ సెయింట్సు పాఠశాల స్థాపనము 1855. గుడికన్న బడి పదునైదేండ్లు పెద్దది!

1953లో హైదరాబాదు ఆర్చిబిషప్పు పీఠమైనది. 2020లో ఆ పీఠమునకు నియమితులైన పూల ఆంథోనీగారు కర్నూలు సీమవారు. 2022 ఆగస్టు 27న కార్డినలైరి. తెలుగువారిలో నా పదవి నందిన మొదటివారు వారే, దళితులలోను మొదటివారే. క్రైస్తవులలో గులభేదము లేదని మేమనము. ఉన్నదని దళిత క్రైస్తవులే మొఱపెట్టుచున్నారు. ఉన్నను, ఆ పీఠమువఱకు దారి తెఱచుకొన్నది.

కడపటి బల్లమీద గూర్చుంటిమి. ప్రక్కవారు జరిగి చోటిచ్చిరి. మీరెవరని యడుగలేదు.

అపుడు మా విద్యార్థిదశ జ్ఞప్తికి వచ్చినది. విశ్వవిద్యాలయమున జదువుకొనునాడు మేమొక కుల వసతిగృహమున నుంటిమి. ఒక వాననాటి రాత్రి సహాధ్యాయి యొకడు మాతో వచ్చెను. ఇతరులకు బ్రవేశము లేదని యాతని వాకిటనే నిలిపిరి. మేము లోపలికి బోయి భోజనము చేసితిమి, నోరు మెదపలేదు. తిరిగివచ్చి చూడగా నతడు లేడు. మఱునాడు తరగతిలో మా ప్రక్కన గూర్చుండలేదు.

మన వసతిగృహపు నిబంధనల చిత్తుప్రతిలో మూడవది ‘స్వకులస్థులకు మాత్రమే’ యని యున్నది. నాలుగవవంతు స్థానములు ఏ కులపు బీదవిద్యార్థికైనను ఈయవలెనని మేము సవరణ ప్రతిపాదించుచున్నాము. ఇందులకు మా పింఛనునుండి 25,000 రూపాయలు తెచ్చితిమి. మధ్యాహ్నపు సభలో దీనిని వోటునకు బెట్టవలసినదని కార్యదర్శిగారిని బ్రార్థించుచున్నాము.