ఆదోని కోటను కూల్చింది ఎవరు?

ఈ రోజు ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పాత వీడియోలో ఆదోని కోట గోడలు చూపిస్తూ "కాలానికి కూలిపోయాయి" అనేశాను. కామెంట్లలో ఒక పెద్దాయన "నాయనా, అంత రాయి ఊరికే కూలదు, చదివి చెప్పు" అని రాశారు. చదివాను. ఆయన మాటే నిజం.

మాది ఎమ్మిగనూరు. చిన్నప్పుడు మా నాయనతో ఆదోని పత్తి మార్కెట్‌కి పోతే ఊరి మీద ఆ కొండలే కనిపించేవి. బారాకిల్లా, తాలిబండ అనేవి వాటిలో ఎత్తైనవి, సుమారు 800 అడుగులు. ఇక్కడ కోట అంటే ఒక భవనం కాదు. కొండ బండలే సగం గోడ, బండకూ బండకూ మధ్య సందుల్లో కట్టింది మిగతా సగం. విజయనగరం కాలంలో ఇక్కడ ఒకదాని లోపల ఒకటిగా పదకొండు గోడలు ఉండేవని ఫెరిస్తా అనే చరిత్రకారుడు రాశాడు. కొండ మీద నీళ్లకూ కొదవ లేదట.

మరి ఇంత గట్టి కోట ఎలా పోయింది? తళ్లికోట యుద్ధం 1565లో జరిగింది. ఆ తర్వాత 1568లో బీజాపూర్ సేన దీన్ని చాలా రోజులు ముట్టడించి తీసుకుంది. బీజాపూర్ తరఫున ఇక్కడ ఉన్న సిద్ది మసూద్ ఖాన్ కట్టించిందే కింద ఊళ్లో ఉన్న జామియా మసీదు. 1688లో ఔరంగజేబు సేన వచ్చింది. మసీదు మీదికి ఫిరంగులు తిప్పుతామని బెదిరించేసరికి, మసీదును కాపాడుకోవడానికి ఆయన కోట ఇచ్చేశాడని చెప్పుకుంటారు.

తర్వాత ఇది నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. ఆయన 1782లో పోయాడు, సమాధి ఆదోనిలోనే ఉంది. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడి వేసినప్పుడు లోపల ఉన్నది ఆయన కుటుంబమే. నిజాం, మరాఠా సేనలు సాయానికి వచ్చాయి. కానీ తుంగభద్రకు వరద వచ్చే కాలం అది. అందుకే కోటను నిలబెట్టుకోవాలని చూడకుండా కుటుంబాన్ని ఏరు దాటించి తీసుకుపోయారు. ఖాళీ అయిన కోట టిప్పు చేతికొచ్చింది. ఇది మళ్లీ శత్రువుకి పనికిరాకూడదని ఫిరంగులు తరలించి, గోడలు పడగొట్టించాడు.

అంటే మనం చూసే శిథిలం వానా ఎండా చేసింది కాదు. ఒక మనిషి హుకుం ఇచ్చి చేయించింది. కోట గోడలు పోయాయి, కోటనే ఇచ్చి కాపాడుకున్నారంటున్న మసీదు ఇంకా నిలబడి ఉంది. అక్కడ ఇప్పటికీ నమాజు జరుగుతోంది. మనుషులు వాడుకునే కట్టడం నిలిచింది, వదిలేసింది పోయింది. నాకైతే అలా అనిపించింది.

మిగిలిన గోడల మీద ఇప్పుడు పెయింటుతో ప్రేమికుల పేర్లు ఉన్నాయి. టిప్పుకైనా ఒక కారణం ఉండింది. మనకేముంది? కొండెక్కితే నీళ్ల సీసా మర్చిపోవద్దు, పెయింటు డబ్బా మాత్రం ఇంట్లోనే పెట్టి రండి. ఇందులో కూడా తప్పులుంటే కామెంట్లో తిట్టండి, మళ్లీ సరిచేసుకుంటా. ఉంటానండీ.