కాఫీ గుండిగలో మంచుగడ్డ

మన వేసవి పెండ్లిండ్లలో మజ్జిగకు తెచ్చిన మంచుగడ్డ మిగిలినచో, నీరే గదా యని వంటవారు దానిని కాఫీ గుండిగలో వేయుచున్నారు. వర్తకులము గనుక లెక్క చూతము. సున్న డిగ్రీల మంచు ఒక కిలో కరగుటకే 80 కిలోకాలరీల వేడి పట్టును. అంత వేడితో 20 డిగ్రీల నీరు కిలో మరుగు స్థితికి వచ్చును! కరగుటలోనే లీనమగు ఈ గుప్తోష్ణమును 1760 దశకమున గ్లాస్గోలో జోసెఫ్ బ్లాకు పండితుఁడు గుర్తించెను.

30 డిగ్రీల నీరు 10 కిలోలు మరుగుటకు, గుండిగ మాట విడిచినచో, 700 కిలోకాలరీలు చాలును. అందు 2 కిలోలు మంచైనచో 920 కావలెను. మంట పెంచనిదే కాలమును దాదాపు మూడవవంతు పెరుగును. వియ్యాలవారు కాఫీకై ఎదురు చూచుచుందురు. గ్యాసు ఖర్చా, పిల్ల తండ్రిది. మిగిలిన గడ్డను ముందు ఎండలో కరగనిచ్చి, పిదప గుండిగలో పోయింపుఁడు.