మబ్బులో దారి – ఇంట్లో సాధన
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్ఫయి ఏళ్ళకు పైగా ఖజానా కార్యాలయంలో పద్దులు రాసినవాడు విమానాల గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. కారణం మా మనవడు. మా అమ్మాయి కొడుకు అమెరికాలో పైలట్ శిక్షణ పొందుతున్నాడు. మబ్బుల్లో, పొగమంచులో బయట ఏమీ కనబడనప్పుడు కేవలం పరికరాలు చూసి విమానం నడపటం ఇప్పుడతని పాఠం. వాళ్ళమ్మకు రాత్రిళ్ళు నిద్ర లేదు. కిందటేడు అక్కడ మూడు నెలలుండి తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

మన చెవి లోపల చిన్న గొట్టాలున్నాయి. వాటిలోని ద్రవం కదిలితే మనం తిరుగుతున్నామని మెదడుకు తెలుస్తుంది. మలుపు ఒకే తీరున సాగుతూ ఉంటే కాసేపటికి ఆ కబురు ఆగిపోయి, తిన్నగానే పోతున్నామనిపిస్తుంది. నేల కనబడితే కన్ను ఆ పొరపాటు దిద్దుతుంది. మబ్బులో ఆ ఆసరా లేదు. 1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయం వారు పరికరాల శిక్షణ లేని 20 మందిని పరీక్షిస్తే అందరూ అదుపు తప్పారు. సగటున పట్టిన కాలం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు!

దీనికి ఉపాయం చూపినవాడు ఎడ్విన్ లింక్. న్యూయార్క్ రాష్ట్రంలో వాళ్ళ నాన్నగారిది ఆర్గన్ వాద్యాల కర్మాగారం. ఆ వాద్యాల తిత్తులతోనే 1929లో నేల మీద ఉండి ఊగే బొమ్మ విమానం తయారుచేశాడు. మొదట్లో జనం దాన్ని వినోద వస్తువుగానే చూశారు. 1934లో విమాన తపాలా బాధ్యత తీసుకున్న అమెరికా సైన్యం చెడు వాతావరణంలో పలువురు పైలట్లను పోగొట్టుకున్నాక, ఆరు యంత్రాలు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది వాటిపై నేర్చుకున్నారు. 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చాక ఆ సాధన ఇంటి బల్ల మీదికే వచ్చింది.

ఒక సాయంత్రం మా వాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర నిండా మబ్బే. ఏదో ఒక పరికరం చెడిపోయేటట్లు ముందే ఏర్పాటు చేసుకున్నాడు. ఏది, ఎప్పుడన్నది అతనికీ తెలియదు. కాసేపటికి, రెక్కలు ఎడమకు వాలాయని ఒక పరికరం చూపింది. అతడు కుడికి తిప్పాడు. పక్కనున్న మలుపు సూచి మాత్రం కుడికి తిరుగుతున్నామంటోంది. ఎత్తు చూపే ముల్లు దిగిపోతోంది. "ఒరే, ఈ పద్దు ఆ పద్దుకు సరిపోవటం లేదురా!" అన్నాను. అప్పటికే ఆలస్యమయింది. విమానం కూలింది. ఇంట్లో ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"తాతయ్యా, మా మాస్టారూ అదే అంటారు. ఒక్క ముల్లునే నమ్మకు, అన్నీ సరిచూసుకో అని," అన్నాడు.

అయ్యా, 1978 జనవరి 1న బొంబాయి నుంచి దుబాయి బయల్దేరిన ఎయిర్ ఇండియా 'ఎంపరర్ అశోక' రాత్రివేళ సముద్రంలో కూలింది. 213 మంది పోయారు. కెప్టెన్ ఎదుటి పరికరం చెడిపోయిందని, పక్క పైలట్ ఎదుటిది సరిగానే ఉన్నదని విచారణలో తేలింది. నగదు పుస్తకాన్ని ఓచర్లతో సరిచూసిన మనకు ఈ పాఠం వేరే చెప్పాలా?

అయితే కంప్యూటర్‌తోనే పని పూర్తికాదు. కుర్చీ కదలదు కనుక చెవి చేసే మోసం అక్కడ తెలియదు. తప్పు అలవాటు పడినా దిద్దేవారుండరు. అక్కడి నిబంధనల ప్రకారం ఈ శిక్షణకు 40 గంటలు కావాలి. అనుమతి పొందిన యంత్రం మీద, గురువు సమక్షంలో చేసిన సాధనలో తరగతిని బట్టి 10 లేక 20 గంటల దాకా అందులో లెక్కకు వస్తాయి. ఇంటి సాధన లెక్కకు రాదు. కానీ విమానం అద్దె గంట గంటకూ పెరిగేచోట, పద్ధతి ముందే చేతికొస్తే ఆ మేరకు డబ్బూ కాలమూ కలిసొస్తాయి.

కనుక మనవలు తెర ముందు కూర్చుంటే వెంటనే కోప్పడకండి. పక్కన కూర్చుని ఏమిటని అడగండి.

ఇప్పుడు ఆదివారాల్లో మా అమ్మాయే వాడి పక్కన కూర్చుని ఏ పరికరం చెడగొట్టాలో రహస్యంగా నిర్ణయిస్తోందట. వాడు పట్టేస్తున్నాడట. రాత్రిళ్ళు కొంత నిద్ర పడుతోందని మొన్న ఫోనులో చెప్పింది.