ట్రియెస్టు రేవు: పలు భాషల పట్టణము
(సంఘ వార సమావేశమున ఒక వర్తక సభ్యులు చేసిన ప్రసంగ పాఠము)



ఒక విదేశ నగరపు చరిత్రను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రోము, వెనిసు, ఫ్లారెన్సు అను పేర్లు మీరెల్లరు వినియే యుందురు. నేను వానిని విడిచి, ఇటలీ దేశపు ఈశాన్యమూలన, ఏడ్రియాటిక్ సముద్రతీరమున నున్న ట్రియెస్టు నగరమును ఎన్నుకొంటిని. నేను చదివినది మెట్రిక్యులేషను వరకే. అయినను దుకాణమున కూర్చుండువాడను గనుక, ఒక ఊరికి సరకు ఏల వచ్చును, మనుష్యులు ఏల వత్తురు, ఏల విడిచిపోవుదురు అను ప్రశ్నలు నాకు సహజముగా తోచుచుండును. ఈ నగరచరిత్ర ఆ ప్రశ్నలకు చక్కని సమాధానము చెప్పుచున్నది.

రోమనులు దీనిని టెర్గెస్తె అని పిలిచిరి. ఆ పేరులోని మొదటి భాగమునకు అంగడి అని అర్థమని పలువురు పండితుల అభిప్రాయము. అనగా రోమనులు రాకమునుపే అచ్చట సంత జరుగుచుండెనేమో! క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దిలో అది రోమనుల వలస పట్టణమయ్యెను. పిదప అగస్టస్ చక్రవర్తియైన ఆక్టేవియను క్రీ.పూ. 33 ప్రాంతమున దానికి ప్రాకారము కట్టించెను. శాన్ జూస్తొ అను కొండ పాదమున రోమనుల నాటకశాల యొకటి పాతయిండ్ల క్రింద మరుగుపడి యుండగా, 1938లో త్రవ్వి వెలికి తీసిరి. నేటికిని చూడవచ్చును.

రోము సామ్రాజ్యము కూలిన పిమ్మట ఈ పట్టణము బైజాంటియము వారి చేతినుండి ఫ్రాంకుల చేతికిని, తరువాత క్రైస్తవ బిషప్పుల ఏలుబడికిని వచ్చెను. పొరుగుననే నౌకాబలమున మిన్నయైన వెనిసు ఉండెను. ఆ బలవంతుని ప్రక్కన బ్రదుకుట కష్టమై, 1382లో ట్రియెస్టువారు ఆస్ట్రియా హాప్స్‌బర్గు వంశీయుడగు మూడవ లియోపోల్డు ప్రభువు రక్షణ కోరిరి. ఆ సంబంధము నడుమ కొలది యంతరాయములతో 1918 వరకు నిలిచెను.

అయినను మూడువందల యేండ్లకు పైగా అది చిన్న ఊరుగానే ఉండెను. 18వ శతాబ్ది ప్రారంభమున అచ్చటి జనసంఖ్య ఐదారు వేలకు మించలేదు. 1719లో ఆరవ చార్లెసు చక్రవర్తి దానిని స్వేచ్ఛారేవుగా ప్రకటించెను. అనగా సరకు దింపుకొనుటకు, నిలువచేయుటకు, మరల ఓడ కెక్కించుటకు సుంకము లేదు. ఆయన కుమార్తె మరియా థెరీసా మహారాణి ఉప్పుమడులను పూడ్పించి, తిన్నని వీధులతో క్రొత్తపేట వేయించెను. ఓడలు గిడ్డంగుల ముంగిటికే వచ్చునట్లు కాలువ త్రవ్వించెను. ఆమె కుమారుడు రెండవ జోసెఫు 1781లో మతసహన శాసనము చేసెను.

అంతట వర్తకులు నలుదిక్కుల నుండి వచ్చిరి. గ్రీకులు, సెర్బులు, యూదులు, ఆర్మీనియనులు, జర్మనులు అచ్చట స్థిరపడిరి. చుట్టుపట్ల పల్లెలలో స్లొవీనులు అనాదిగా ఉన్నవారే. గ్రీకులును సెర్బులును మొదట ఒకే దేవాలయమున ప్రార్థించుచుండిరి. తరువాత పూజ ఏ భాషలో జరుగవలెనను తగవు పుట్టి, 1780 ప్రాంతమున వేరుపడి, గ్రీకులు సముద్రపుటొడ్డున తమ గుడి తాము కట్టుకొనిరి. ఇరువర్గములవారి గుళ్ళును నేటికిని అచ్చట ఉన్నవి. 1912లో యూదులు కట్టిన ప్రార్థనామందిరము ఐరోపాలోని మిక్కిలి పెద్దవానిలో ఒకటి. ఎవరి గుడి వారిదే. అంగడివీధిలో మాత్రము అందరికిని ఇటాలియను మాండలికమే పొత్తుభాష.

ఈ కలయిక ఫలితమును చూడుడు. 1831లో జనరాలి బీమా సంస్థ పుట్టెను. నేడది ప్రపంచపు పెద్ద బీమా సంస్థలలో ఒకటి. 1833లో ఆస్ట్రియను లాయిడ్ సంస్థ ఏర్పడెను. 1857లో వియన్నా నుండి రైలుమార్గము వచ్చెను. 1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట లాయిడ్ ఓడలు మన బొంబాయి రేవుకును రాకపోకలు సాగించెను. కాఫీ వర్తకమునకు ట్రియెస్టు ఐరోపాలో ముఖ్యస్థానమయ్యెను. ఐర్లండు రచయిత జేమ్సు జాయిసు ఈ ఊరనే ఇంగ్లీషు పాఠములు చెప్పి జీవించెను. ఆయన శిష్యులలో నొకడైన స్థానిక వర్తకుడు ఎట్టోరె ష్మిట్సు, ఇటాలియనుడను, జర్మనుడను రెండును స్ఫురించునట్లు ఇటాలో స్వేవో అను కలముపేరు పెట్టుకొని ప్రసిద్ధ నవలాకారుడయ్యెను.

ఇప్పుడు మనము శ్రద్ధగా వినదగిన భాగము వచ్చినది. 1910లో ఆస్ట్రియా ప్రభుత్వము జనాభా లెక్క తీయించెను. ఆ లెక్కలో మాతృభాషను అడుగలేదు. నిత్యవ్యవహారమున వాడు భాష ఏది అని అడిగిరి. పనిచోట ఇటాలియను పలుకువాడు, ఇంట స్లొవీను పలికినను, ఇటాలియను పట్టికలో చేరుటకు వీలుండెను. లెక్క వ్రాసినవారు నగరపాలక సంఘపు మనుష్యులు. మొదట స్లొవీనులు 36 వేల చిల్లర యని తేలెను. ఆక్షేపణలు రాగా ప్రభుత్వము మరల పరిశీలింపజేసెను. అప్పుడా సంఖ్య 56 వేలు దాటెను. మొత్తము జనము 2 లక్షల 30 వేలకు దగ్గర. ఊరు అదే, మనుష్యులు వారే. వ్రాసిన తీరును బట్టి ఇరువది వేలమంది మాయమై మరల కనబడిరి!

మొదటి ప్రపంచయుద్ధము ముగియగా 1918 నవంబరులో ఇటలీ సైన్యము దిగెను. నగరమున అధికసంఖ్యాకులైన ఇటాలియనులకు అది చిరకాల వాంఛితమే. కాని స్లొవీనులకు కష్టకాలము దాపురించెను. వారికి నాట్యశాల, పొదుపు బ్యాంకు, హోటలు, కాఫీశాల అన్నియు ఒకచోట గల జాతీయభవనము, నరోద్ని దోం అనునది, 1904 నుండి ఉండెను. 1920 జూలై 13న ఫాసిస్టులు దానిని తగులబెట్టిరి. 1923 చట్టముతో స్లొవీను బడులు ఒక్కొక్కటిగా మూతబడెను. 1927 నుండి ఇంటిపేర్లను సైతము ఇటాలియను పేర్లుగా మార్చిరి. తాతలనాటి ఇంటిపేరు సర్కారు కాగితముపై మారిపోయినచో ఎట్లుండునో మీరే ఊహించుకొనుడు.

ఒక భాషవారితో ఆరంభమైన ద్వేషము వారితో ఆగలేదు. 1938 సెప్టెంబరు 18న ముస్సోలినీ ఈ నగరపు పెద్దచౌకులోనే యూదులపై జాతిశాసనములను ప్రకటించెను. 1943లో జర్మనులు ఆక్రమించి, శాన్ సబ్బా అను చోట ఒక బియ్యపుమరను చెరసాలగను, దహనశాలగను మార్చి వేలకొలది మందిని చంపిరి. 1945 మేలో యుగొస్లావు సైన్యము వచ్చి నలువది దినములు ఏలెను. అప్పుడు పట్టుకొనిపోబడిన వారిలో పలువురు తిరిగి రాలేదు. ఇస్ట్రియా నుండి ఇండ్లు వాకిళ్ళు విడిచి వచ్చిన ఇటాలియను కుటుంబములకు ట్రియెస్టు ఆశ్రయమయ్యెను. కన్నీటికి భాషాభేదము లేదు.

1947లో ఇది స్వతంత్ర ప్రదేశముగా ఏర్పడి, 1954 అక్టోబరులో మరల ఇటలీ పాలనలోనికి వచ్చెను. 1975 ఒడంబడికతో సరిహద్దు స్థిరపడెను. వెనుకటి వర్తకభూములు పరరాజ్యములగుటచే పూర్వవైభవము తగ్గెను. నేటి జనసంఖ్య 2 లక్షల ప్రాంతము, 1910 నాటికంటె తక్కువ. అయినను ఊరు చావలేదు. 1964లో పాకిస్తాను శాస్త్రజ్ఞుడు అబ్దుస్ సలాం అచ్చట అంతర్జాతీయ భౌతికశాస్త్ర కేంద్రమును నెలకొల్పెను. మన దేశపు యువశాస్త్రజ్ఞులెందరో అచ్చటికి పోయి వచ్చిరి. 1967లో అచ్చటినుండి జర్మనీకి చమురు గొట్టపుమార్గము తెరచిరి.

స్లొవీనుల మాట యేమి? 1945లో వారి బడులు మరల తెరువబడెను; ఆ యేటనే వారి దినపత్రిక ప్రిమోర్స్కి ద్నెవ్నిక్ ప్రారంభమయ్యెను. 2001లో ఇటలీ వారి భాషారక్షణకు ప్రత్యేక శాసనము చేసెను. కాలిన భవనము బాగుపడి, హోటలుగా ఉండి, పిదప విశ్వవిద్యాలయపు భాషాంతరీకరణ విద్యాలయమయ్యెను. సరిగా నూరేండ్లకు, 2020 జూలై 13న, ఇటలీ స్లొవేనియా దేశాధ్యక్షులు ఇరువురి సమక్షమున ఆ భవనమును స్లొవీను సమాజమునకు తిరిగి ఇచ్చుటకు ఒప్పందము జరిగెను.

సోదరులారా, సుంకము తగ్గించినచో వర్తకుడు వచ్చును. గుడిని, బడిని, ఇంటిపేరును గౌరవించినచో నిలిచిపోవును. ఇరుగుపొరుగు భాష నేర్చుకొనుట ట్రియెస్టు వర్తకులకు నష్టము కాలేదు, మనకును కాదు. కాని మన దేశమున జనాభా లెక్కలవారు మాతృభాషనే అడుగుదురు. వారు వాకిటికి వచ్చినపుడు, అంగడిలో ఏ భాష పలికినను, చిన్ననాట తల్లి మీతో పలికిన భాష ఏదో దానినే వ్రాయింపుడు; వ్రాసినదానిని ఒకమారు చదివించుకొని వినుడు. తెలుగు బడి కావలెనని అడుగబోవునాడు చేతనుండవలసిన మొదటి కాగితము అదియే.