గోడకును ఇనుమునకును గల పొత్తు

(మైలవరమున జరిగిన వార్షిక సభయందు గావించిన యుపన్యాసము)

  

ఈ సభయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము వానివలె నున్నతమైనది కాదు. కాంక్రీటునందును, ఇటుకగోడలయందును బోల్టులు, కొక్కెములు ఎట్లు ఎన్నుకొని నెలకొల్పవలయునో చెప్పుడని సంఘమువారు కోరిరి. వినుట కిది యల్పవిషయముగా దోచవచ్చును. కాని గేటు మీదపడి పిల్లలు మరణించిన వార్తలను పత్రికలలో మనము పలుమారు చదువుచున్నాము. అట్టి గేట్లను చేయువారిలోను, బిగించువారిలోను మన పంచవృత్తులవా రనేకు లున్నారు. కావున నిది వృత్తివిషయము మాత్రమే కాదు. మన కులగౌరవమునకు సంబంధించినది. అంతకు మించి ప్రాణములకు సంబంధించినది.

మేము చెప్పదలచిన దంతయు నొక్క మాటలో నిముడును. బోల్టు బలము బోల్టునందు మాత్రమే లేదు. అది పట్టుకొన్న గోడయందును, దానిని పట్టించిన చేతియందును గలదు.

పూర్వాచారము

మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులను మూలపురుషులుగా స్మరించు మనకు రాతికిని ఇనుమునకును పొత్తు కుదుర్చుట క్రొత్త విద్య కాదు. గోడ కట్టునపుడే కొయ్యముక్క నిమిడ్చి, పిదప దానిలో సీల దిగగొట్టుట మన వడ్రంగులెల్ల రెఱిగినదే. ఇట్టి యుపాయమే లోకమంతటను బెరిగినది. లండనునందలి బ్రిటిషు మ్యూజియమున విద్యుత్పరికరములను గోడలు చెడకుండ బిగింపవలసివచ్చినపుడు జాన్ జోసెఫ్ రాలింగ్స్ 1911లో జనుపనారతో నొక బిరడాను గల్పించెను. నేడు మన బజారులో 'రావల్ బోల్టు' అను మాట యాయన పేరునుండి పుట్టినదే. 1958లో నైలాన్ బిరడాను గనిపెట్టిన జర్మనీ దేశస్థుడు ఆర్తూర్ ఫిషర్ తాళములు చేయు పనిలో శిక్షణ పొందినవాడు. ఆయన పేర వేయికి మించిన పేటెంట్లు గలవు. చేతిపనివాని బుద్ధి యెంతదూరము పోగలదో యాతని చరిత్రము చాటుచున్నది.

పూర్వుల జాగ్రత్తను విడిచిన ఫలమున కేథెన్సు నగరమే నిదర్శనము. క్రీస్తుపూర్వము 5వ శతాబ్దమున పార్థెనాను గట్టిన శిల్పులు పాలరాతి దిమ్మెలను ఇనుపపట్టీలతో బంధించి, చుట్టును సీసము కరగించి పోసిరి. నీరు సోకకుండుటచే నవి రెండువేల యేండ్లకు పైగా నిలిచినవి. 19వ శతాబ్దాంతమునుండి బలానోస్ అను నింజనీరు ఆ మందిరమును బాగుచేయుచు సీసపు తొడుగులేని ఇనుమును వాడెను. అది త్రుప్పుపట్టి యుబ్బి, కొలది దశాబ్దములలోనే రాతిని జీల్చెను. 1975లో నేర్పడిన సంఘమువా రా ఇనుమును దీసి టైటానియము పట్టీలను అమర్ప నారంభించిరి. పట్టీ బలమైనదే, రాయియు బలమైనదే, నడుమనున్న పని చెడినది.

గోడను పరీక్షించుట

మైలవరము పరిసరములలో నొక్క వీథిలోనే పలు తరగతుల గోడలు గానవచ్చును. పాత సున్నపు రాతిగోడ యొకటి. ఎఱ్ఱ ఇటుకగోడ యొకటి. ఇబ్రహీంపట్నమందలి థర్మల్ విద్యుత్కేంద్రపు బూడిదతో జేసిన ఇటుకగోడ వేరొకటి. బోలు సిమెంటు దిమ్మెల గోడ మఱియొకటి. వీని కన్నిటికిని పైపూత యొక్కటే యగుటచే జూపునకు భేదము తెలియదు. బరమా చెప్పును. పైపూత దాటిన పిమ్మట ఎఱ్ఱని పొడి వచ్చిన నెఱ్ఱ ఇటుక. బూడిదవన్నె మెత్తని పొడి సులభముగా వచ్చిన బూడిద ఇటుక. తెల్లని గట్టి పొడి వచ్చుచు బరమా మొరాయించిన కాంక్రీటు. అకస్మాత్తుగా బరమా లోనికి దూకిన బోలు దిమ్మె. ఈ పరీక్ష చేయక దుకాణమునకు బోయి బోల్టు కొనుట, నాడి చూడక మందిచ్చుటవంటిది.

గట్టి కాంక్రీటునకు విచ్చుకొను బోల్టు తగినది. మఱ బిగించినకొలది దాని తొడుగు విచ్చి రంధ్రపు గోడలను ద్రోయును. ఆ త్రోపుడునే కాంక్రీటు సహించును, ఇటుక పగులును. కావున నిటుకకు పొడవైన నైలాన్ బిరడాయో, బంకతో నిలుచు కడ్డీయో మేలు. బోలు దిమ్మెయందు బంక లోపలికి జారిపోకుండ జల్లెడ తొడుగు వాడవలెను. ఇటుకలోను బోలు దిమ్మెలోను డ్రిల్లు మిషనుయొక్క సుత్తిదెబ్బను ఆపి, త్రిప్పుట మాత్రమే చేయవలయును. దెబ్బకు లోపలి పెంకు రాలి రంధ్రము వెడల్పగును. ఇటుకల నడుమ సున్నపు కీలునందు బోల్టు వేయుట పనికిరాదు.

మఱియొక మాట. పైపూత లోపల సుమారు 12 మిల్లీమీటర్లు, వెలుపల 20 మిల్లీమీటర్లు ఉండును. దీనిని లోతులో లెక్కింపరాదు. 60 మిల్లీమీటర్ల బోల్టులో 20 పైపూతలోనే యున్నచో గోడను బట్టినది 40 మాత్రమే.

లోతు, అంచు, ఎడము

కాంక్రీటులోని బోల్టును మిక్కిలి బలముతో లాగినపుడు బోల్టు తెగుటయైనను, జారి వచ్చుటయైనను, తనచుట్టునున్న కాంక్రీటును గరాటు రూపమున బెకలించుకొని వచ్చుటయైనను జరుగును. మూడవదియే మనవా రెఱుంగనిది. ఆ గరాటు నోటి వెడల్పు లోతునకు సుమారు మూడు రెట్లుండును. దీనినుండి రెండు నియమములు పుట్టుచున్నవి. బోల్టు అంచునకు లోతుకంటె ఒకటిన్నర రెట్లు దూరముండవలెను. రెండు బోల్టుల నడుమ మూడు రెట్లు ఎడముండవలెను. తగ్గినకొలది బలము తగ్గును. 230 మిల్లీమీటర్ల కాంక్రీటు స్తంభము నడుమ 75 మిల్లీమీటర్ల లోతు బోల్టునకు అంచు సరిగా సరిపోవును. అదే బోల్టును అంచునుండి రెండంగుళములలో వేసినచో మూల పగులుట తథ్యమని యెంచవలెను.

లోతు రెండింతలైన నీ గరాటు బలము రెండింతలు గాక సుమారు 2.8 రెట్లగును. లావుపాటి పొట్టి బోల్టుకంటె సన్నని పొడవాటి బోల్టు మేలగుట కిదియే హేతువు. దుకాణములో లావు చూచి మురియుట మానవలయును. మఱియు స్లాబు అడుగుభాగమున సన్నని పగుళ్లు సహజముగా నేర్పడును. పగులు రంధ్రము గుండా బోయినచో సామాన్యపు విచ్చుకొను బోల్టు సడలును. అట్టిచోట పగిలిన కాంక్రీటునకు దగునని తయారీదారు ధ్రువపరచిన బోల్టునే వాడవలెను.

భారమును లెక్కించుట

120 కిలోల గేటు ఒకటిన్నర మీటరు వెడల్పుగలది యనుకొందము. రెండు బందుల నడుమ ఎడము ఒక మీటరైనచో పైబందు స్తంభమునుండి సుమారు 90 కిలోల బలముతో వెలికి లాగబడుచుండును. బందుల యెడము అర మీటరైనచో నా లాగుడు 180 కిలోలగును. 20 కిలోల పిల్లవాడు గేటు చివర నెక్కి యూగినచో మొదటి గేటునందే మఱి 30 కిలోలు హెచ్చును. కావున బందులు వీలైనంత యెడముగా నుంచుట యే ఖర్చునులేని రక్షణము. స్తంభము పోయకముందే లోపలి కడ్డీలకు కట్టి పలకను నిలిపి, పిదప దానికి బందు వెల్డింగు చేయుట యుత్తమము.

మన యిండ్ల ఉయ్యాల సంగతియు నట్టిదే. నిలిచియున్న యుయ్యాల తన బరువును, కూర్చున్నవారి బరువును మాత్రము మోయును. నిలువునుండి 60 డిగ్రీలు ఊగినపుడు అడుగున వచ్చు లాగుడు ఆ మొత్తమునకు రెండింతలు. అందుచే ఉయ్యాల కొక్కెమును స్లాబు పోయకముందే కడ్డీల క్రింద జొనిపి వంచవలెను. తరువాత రంధ్రము చేసి బోల్టు వేసి ఉయ్యాల వ్రేలాడదీయుడని యజమాను లడిగిన, మనము తగిన నిర్ణయము లేక యొప్పుకొనరాదు.

ఇక రేకుల షెడ్డు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను వేలకొలది ప్రాణములను గొన్నది. 2023 డిసెంబరు 5న బాపట్లయొద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపాను మన డెల్టాను మరల బాధించినది. భారత ప్రమాణపత్రము విజయవాడకు నిర్దేశించిన మూలవాయువేగము సెకనుకు 50 మీటర్లు. అట్టి గాలి చదరపు మీటరునకు సుమారు 150 కిలోల బలమును జూపును. రేకు బరువు చదరపు మీటరునకు 5 కిలోలు. కావున షెడ్డు క్రిందికి కూలునన్న భయముకంటె పైకి లేచునన్న భయమే మనకు ముఖ్యము. స్తంభపు అడుగుపలకకు పునాదిలో ముందే పోసిన వంపు బోల్టులు వేయవలెను. చూరుల వెంబడి గాలి యెత్తుడు హెచ్చగుటచే నచ్చట మఱలను దగ్గరగా వేయవలెను.

నెలకొల్పు విధము

కాంక్రీటు పోసిన 28 దినములకు గాని పూర్తి భారము పెట్టరాదు. బరమా వెడల్పు బోల్టు డబ్బామీద వ్రాసినదే కావలెను. అరిగిన బరమా రంధ్రమును ఇరుకు చేయును, వంకరపట్టిన బరమా వెడల్పు చేయును. లోపలి కడ్డీ తగిలినచో దానిని గోయరాదు. ఆ రంధ్రమును కుంచించుకొనని సిమెంటుతో నింపి, తగినంత దూరమున వేరొకటి చేయవలెను.

రంధ్రమును శుభ్రముచేయుట యన్నిటిలోను ముఖ్యము. ఊదుట, బ్రష్షుతో తోముట, మరల ఊదుట: ఇది క్రమము. నోటితో నూదినచో దుమ్ము కంటబడుటయే గాని యడుగు శుభ్రపడదు, చేతిపంపు వాడుడు. కొండపల్లి బొమ్మలు చేయు ఆర్యక్షత్రియ సోదరులను జూడుడు. తెల్లపొణికి ముక్కలను చింతగింజల పొడి, రంపపుపొట్టు గలిపిన మక్కుతో నతికింతురు. దుమ్ముమీద మక్కు పట్టదని వారికి దెలియును. కెమికల్ యాంకరు బంకయు నంతే. దుమ్మున్న రంధ్రములో నది దుమ్మునే పట్టుకొనును, గోడను కాదు.

బిగింపునకును మితము గలదు. అడుగు పొడవు స్పానరు చివర 20 కిలోల బలము పెట్టిన సుమారు 60 న్యూటన్ మీటర్లగును. డబ్బామీద నా సంఖ్య యున్నచో నంతటితో నాపవలెను. స్పానరునకు గొట్టము తొడిగి బలము చూపుట బోల్టును లోపలనే చంపుట. కొలత చూపు స్పానరు మన కొలిమి ప్రక్కన నుండవలసిన పనిముట్టు.

బంక చేసిన ద్రోహము, త్రుప్పు చేయు చేటు

2006 జులై 10న అమెరికాయందలి బోస్టను నగరమున నొక సొరంగమార్గపు పైకప్పునుండి సుమారు 26 టన్నుల కాంక్రీటు పలకలు కారుపై కూలి యొకరు మరణించిరి. బోల్టులు తెగలేదు. ఎడతెగని భారమునకు బంక మెల్లమెల్లగా సాగి జారినదని ప్రభుత్వ విచారణలో తేలినది. 2012 డిసెంబరు 2న జపానునందలి ససాగో సొరంగమున కప్పు కూలి 9 మంది మరణించిరి. అచ్చటను బంకతో నిలిపిన బోల్టులే. 1977లో తెరచిన యా సొరంగమున పైభాగపు బోల్టులను 2000 తరువాత సుత్తితో తట్టి చూడలేదు. తలపై నిరంతరము వ్రేలాడు భారమునకు బంకనే నమ్మరాదనియు, నమ్మినచోట తరచుగా బరీక్షింపవలయుననియు నీ రెండును బోధించుచున్నవి. వేసవిలో మన మిద్దెలు కాగుట మీ రెఱుగుదురు. బంక డబ్బామీది యుష్ణపరిమితిని చదువక వాడరాదు.

ఇంటిలోపలి పొడిచోట పలుచని జస్తాపూత, అనగా సుమారు 5 మైక్రానులది, చాలును. వెలుపలి గేట్లకు కరగిన జస్తాలో ముంచిన, 45 మైక్రానులకు తగ్గని పూత కావలెను. మచిలీపట్టణము, హంసలదీవి వంటి సముద్రపు గాలి తగులుచోట్ల 316 తరగతి స్టెయిన్‌లెస్ ఉక్కు వాడవలెను. ఒక బోల్టుకు మిగిల్చిన రూపాయలు తీరమున మూడు వర్షకాలములు నిలువవు.

మా మనవి

నేడు డ్రిల్లు మిషను కొన్న ప్రతివాడును బోల్టు వేయుచున్నాడు. చౌకధరలో వానితో మనము పోటీపడలేము, పడనును రాదు. మనకు మిగిలినది నమ్మకమే. కావున మూడు ప్రార్థనలు చేయుచున్నాము. ఏ పని చేసినను గోడ తరగతి, బోల్టు కొలత, లోతు, తేదీ వ్రాసి, సంతకము చేసిన చీటి యజమానున కియ్యవలెను. సంఘపక్షమున నొక కొలతస్పానరును, బోల్టును లాగి పరీక్షించు పరికరమును గొని సభ్యులకు వంతులవారీ నియ్యవలెను. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వ మారంభించిన విశ్వకర్మ పథకమున 18 వృత్తులకు శిక్షణయు, పనిముట్లకు 15,000 రూపాయలవరకు సాయమును గలవు; ఆ శిక్షణయందు నీ విద్యకు దినములు గేటాయింపుమని సంఘము కోరవలెను.

గోడ తగదని తెలిసినపుడు 'ఈ పని మేము చేయము' అని చెప్పుటయు వృత్తిధర్మమే. ఆ మాట కొక దినపు కూలి పోవును. చెప్పకున్న నొక యింటి దీపము పోవచ్చును. కంటికి గనబడు గేటును బట్టి లోకము మన నేర్పును మెచ్చును. కంటికి గనబడని యంగుళములను బట్టి విశ్వకర్మ మనలను మెచ్చును.